గండికోట వాసన సీసాలో పట్టాలంటే ఏం కలపాలి?

ప్రశ్న: సబ్బులక్క, జమ్మలమడుగు

నమస్తే అండి. నేను జమ్మలమడుగులో ఇంట్లోనే సబ్బులు చేసి అమ్ముతాను. కొబ్బరినూనె, ఆముదం, వేపనూనెతో చేసే మామూలు సబ్బులే. కొన్ని ఊళ్ళోనే పోతాయి, మిగతావి ప్రొద్దుటూరు అంగళ్ళకు వేస్తాను. మా చిన్నాన్న గండికోట చూడ్డానికి వచ్చేవాళ్ళకు గదులు అద్దెకిస్తాడు. ఈ మధ్య ఆయనకో ఆలోచన పుట్టింది. "వచ్చినోళ్ళంతా ఫోటోలు తీసుకొని పోతున్నారు. పోయేటప్పుడు కొనుక్కుపోవడానికి మన దగ్గర ఒక్క వస్తువు లేదు. సబ్బులకు సెంటు కలిపేది నువ్వే కదా పాపా, గండికోట సెంటు ఒకటి చెయ్యి" అన్నాడు. ఆరు మిల్లీలీటర్ల సీసా, దాని మీద లోయ బొమ్మ. ఆయన లెక్కలో అది వారం పని. లేబుల్ కూడా అచ్చేయించేశాడు. లోపల పోయడానికి సరుకే లేదు.

నాకు కావలసిన వాసన ఏదో నాకు బాగా తెలుసు. అదే చిక్కు. రంగనాథస్వామి గుడి దాటి లోయ అంచుకు పోతే ఎర్రబండలు పలకలు పలకలుగా ఉంటాయి కదా. మే నెలలో సాయంత్రం అయిదున్నరకు కూడా టవల్ పరుచుకోకుండా వాటి మీద కూర్చోలేం. ఆ వేడికి బండకు ఒక వాసన వస్తుంది. కాలిన వాసన కాదు, దుమ్ము అంతకన్నా కాదు. ముక్కు లోపల పొడిగా, కొంచెం ఇనుము తగిలిన వాసన. సందుల్లో ఎండిన గడ్డి కాలి కింద నలిగితే నిమ్మతొక్క చేదు పైకి లేస్తుంది. పొద్దున మేకలు పోయిన దారి కాబట్టి ఆ వాసనా ఉంటుంది, దాచడం ఎందుకు. గాలి మళ్ళినప్పుడు మాత్రం కింద పెన్న నుంచి నీళ్ళ వాసన ఒకసారి పైకొచ్చి పోతుంది. ఇదంతా వాన రాకముందు సంగతి. వాన వచ్చాక అన్ని ఊళ్ళూ ఒకటే వాసన, నాకైతే అట్లే అనిపిస్తుంది.

ఆన్‌లైన్‌లో మట్టి అత్తరు తెప్పించాను. మూత తీస్తే తడిమట్టే, సందేహం లేదు. కాసేపటికి గంధం మొదలైంది. అరగంటకు మణికట్టు మీద ఉన్నది గండికోట కాదు, మా అవ్వ పూజగది. ఇంకొకరు "కడప జిల్లా అంటే ఎర్రచందనమే కదా, అది వెయ్" అన్నారు. పొడి కొని నూనెలో నానబెట్టాను. రంగు బ్రహ్మాండంగా దిగింది, వాసన మాత్రం లేదు. పొడి కల్తీదా? మూడోది, జియోస్మిన్ అని ఒక కెమికల్ అమ్ముతున్నారు, "వాన వాసన" అని రాసి ఉంది. కొనొచ్చా? చివరిగా, నూనెలో చెయ్యాలా ఆల్కహాల్‌లో చెయ్యాలా? తెలిసినవాళ్ళు చెప్పండి. చిన్నాన్న రోజూ ఫోన్ చేస్తున్నాడు, నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: వన్‌టౌన్ అత్తరంగడి, కర్నూలు

సలాం అక్కా. మాది కర్నూలు వన్‌టౌన్‌లో అత్తరంగడి, మా నాయన పెట్టింది. మట్టి అత్తరు గురించి మొదట ఒక మాట. అందులో గంధం రావడం కల్తీ కాదు, అది దాని పుట్టుక. ఉత్తరప్రదేశ్‌లో కనౌజ్ అని ఊరు, అక్కడ చేస్తారు. బట్టీలో కాల్చిన మట్టి బిళ్ళల్ని నీళ్ళతో పాటు పెద్ద రాగి డేగ్‌లో వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి గాలి పోకుండా మూసేస్తారు. కింద కట్టెల మంట. పైనుంచి వెదురు గొట్టం ఒకటి పక్కన నీళ్ళ తొట్టిలో ఉన్న భప్కాలోకి దిగుతుంది. భప్కా అంటే పొడుగు మెడ ఉన్న రాగి బిందె. అందులో ముందే చందనం నూనె పోసి ఉంటుంది. ఆవిరి పోయి ఆ నూనెలో చల్లారుతుంది. నీళ్ళు కిందికి దిగితే వాటిని తీసేసి, నూనెను మాత్రం మళ్ళీ మళ్ళీ వాడతారు. ఆఖరున తోలు కుప్పెలో పోసి ఉంచితే మిగిలిన తేమ తోలు గుండా పోతుంది. అంటే వాసన మట్టిది, ఒళ్ళు చందనానిది. మట్టి ముందు ఎగిరిపోతుంది, చందనం ఉండిపోతుంది. మీ చేతి మీద జరిగింది ఇదే.

అది కూడా సరుకు నికార్సైనదైతేనే. అసలు చందనం నూనె ఎంత ఖరీదో సబ్బులు చేసే మీకు చెప్పాల్సిన పని లేదు. ఆరు మిల్లీ రెండు మూడు వందలకు వచ్చిందంటే అందులో ఉన్నది చందనం వాసన వేసే వేరే కెమికల్, దాన్ని పలచన చేసే డీపీజీ. తప్పేం లేదు, కానీ తెలుసుకొని కొనాలి.

ఇక మీరు అడిగింది నాకు కొత్తగా ఉంది. మా వ్యాపారంలో ఎండాకాలం సరుకంతా ఎండను మరిపించడానికే. ఏప్రిల్ నుంచి ఖస్, మట్టి, కేవడా, గులాబ్ అడుగుతారు. చలికాలం వస్తే హీనా, షమామా. ఎండే కావాలని అడిగిన మనిషిని ఇదే చూడటం. నా దగ్గర అలాంటి సీసా లేదు, ఉందని చెప్పి అంటగట్టను.

అయితే దగ్గరకు పోవడానికి ఒక దారి ఉంది. చందనం మానేసి అడుగున వట్టివేళ్ళు పెట్టండి. కూలర్ తడికెలకు వాడే వేళ్ళే. తడిపితే చల్లగా ఉంటుంది కానీ, పొడి వేరును రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి, అందులో తీపి ఉండదు. మట్టి, కట్టె, కొంచెం పొగ. అడవి వేళ్ళ నుంచి తీసిన రూహ్ ఖస్ ఆకుపచ్చగా, చిక్కగా ఉంటుంది, ఖరీదు కూడా చిక్కగానే ఉంటుంది. మీకు మామూలు వట్టివేళ్ళ నూనె చాలు. ఇంకోటి, ఫ్యాన్ కింద కూర్చొని పరీక్ష చేయొద్దు. గుడ్డ ముక్కకు పూసి ఎండలో తిరిగి రండి. మన ఎండలకు పూసిన వెంటనే తగిలే పైవాసన నిలవదు, కొన్నవాడు గండికోటలో పూసుకుంటే కారు దాకా కూడా రాదు.

జవాబు: కెమిస్ట్రీ మేడమ్, అనంతపురం

పొడి కల్తీది కాకపోవచ్చమ్మా. ఎర్రచందనానికి వాసన లేదు. పేరులో చందనం ఉందని అందరూ ముక్కు దగ్గర పెట్టుకుంటారు. మంచిగంధం చెట్టు వేరు, ఇది వేరు. కుటుంబం కూడా వేరు, ఇది వేగిస, కానుగల జాతి. దాని విలువంతా రంగులో, చేవలో ఉంది. సహజంగా పెరిగేది ఎక్కువగా మన శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండల్లోనే. కాబట్టి లేబుల్ మీద రాసుకోవాలని చిన్నాన్నగారికి అనిపించడం సహజమే. వద్దని చెప్పండి. వాసన రాదు, పైగా ఆ పేరు చూస్తే ఫారెస్ట్ వాళ్ళ ప్రశ్నలు వస్తాయి.

కొండ వాసనే కావాలంటే అందుగు బంక చూడండి. ఎండు కొండల మీద పెరిగే చెట్టు, సాంబ్రాణి జాతిది. ఆ బంక నూనెలో పైన్, నిమ్మ కలిసిన పొడి వాసన ఉంటుంది, తీపి దాదాపు లేదు. అంగళ్ళలో సాంబ్రాణి అని రకరకాల బంకలు అమ్ముతారు, పేరు చెప్పి అడిగి తీసుకోండి. శేషాచలంలో ఇంకో సాంబ్రాణి చెట్టు ఉంది, ఆ చుట్టుపక్కల కొండల్లోనే పెరుగుతుంది, అరుదైనది. దాని జోలికి పోవద్దు.

జియోస్మిన్ కొనొచ్చు. కానీ అది ఎంత ఘాటో తెలుసుకొని కొనండి. నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. నీళ్ళలో లక్ష కోట్ల పాళ్ళకు పది పాళ్ళున్నా మన ముక్కు పట్టేస్తుంది. బీట్‌రూట్‌లో మట్టి వాసన, చెరువు చేపలో బురద వాసన దాని పనే. 2020లో వచ్చిన ఒక పరిశోధన ఆ జీవులు ఈ వాసన ఎందుకు వేస్తాయో చెప్పింది. నేలలో తిరిగే స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న పురుగుల్ని పిలవడానికట. అవి వచ్చి మేసి, విత్తనాల్లాంటి కణాల్ని ఒంటికి అంటించుకొని వేరే చోట దులుపుతాయి. ఇంతా చేసి అది తడి వాసన. మీరు వద్దంటున్నది అదే కదా.

మీరు చెప్పిన వేడిబండ వాసనకు వేరే లెక్క ఉంది. 1964లో ఆస్ట్రేలియాలో ఇజబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఒక వ్యాసం వేశారు. వానరాని కాలంలో చెట్లూ గడ్డీ గాల్లోకి వదిలే నూనెలు బండల మీద, బంకమట్టి మీద పేరుకుంటాయి. వాళ్ళు బాగా ఎండిన రాళ్ళను ఆవిరితో బట్టీ పట్టి, పసుపుపచ్చని నూనె తీశారు. తొలకరి వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టింది వాళ్ళే. ఆ నూనె గింజ మొలకెత్తడాన్ని ఆపుతుందని మరుసటి ఏడు చెప్పారు. తొందరపడి మొలిచి ఎండిపోకుండా కావచ్చు. 2015లో అమెరికాలో ఎంఐటీ వాళ్ళు హైస్పీడ్ కెమెరాతో చినుకును చూశారు. చినుకు పడినప్పుడు దాని కింద చిక్కుకున్న గాలి బుడగలై పైకొచ్చి, పగిలి, వాసనను తుంపరగా ఎగజిమ్ముతుంది. పెద్దవానకన్నా చిరుజల్లుకు ఇది ఎక్కువ. మా అనంతపురానికి ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టూ. అంటే మన రాళ్ళకు నూనె పట్టడానికి దొరికినంత తీరిక చాలా చోట్ల దొరకదు.

కాబట్టి, మీరు రాళ్ళనే అడగండి. గాజు బట్టీ సెట్ డిగ్రీ కాలేజీల్లో ఉంటుంది. మే నెలాఖరులో గుట్ట మీద ఎండిన రాళ్ళు, వాటి సందుల్లోని గడ్డితో సహా ఒక సంచి తీసుకొని రండి, సెలవుల్లో మా ల్యాబ్‌లో చేసి చూద్దాం. కోట లోపలి రాయి ఒక్కటి కూడా ముట్టుకోవద్దు, అది పురావస్తు శాఖ వాళ్ళది. నూనె కంటికి కనిపించేంత వస్తుందని ఆశ పెట్టుకోకండి. కిందికి దిగిన నీటికి వాసన పడితే చాలు.

జవాబు: బుల్లెట్ బాబు, తాడిపత్రి

మేకల పెంట కూడా ఒక సంచి తీసుకుపోండి అక్కా, అదే అసలు గండికోట.

జవాబు: సబ్బులక్క

నవ్వండి నాయనా. నేను రాసింది నిజంగానే. అది లేకపోతే ఆ వాసన మరీ శుభ్రంగా అయిపోతుంది.

జవాబు: రేగడి మనిషి, కోవెలకుంట్ల

మీరంతా ఎర్రబండ ఎర్రబండ అంటున్నారు. కోట దిగి పోతే జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడే కదమ్మా. ఆ నేల మీద బతికినవాళ్ళను ఎవరినీ లెక్కలోకి తీసుకోకుండా టూరిస్టు నిల్చొని సెల్ఫీ తీసుకునే బండనే గండికోట అంటే ఎట్లా? రేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, కాలు పట్టేంత. ఆ నెర్రె దగ్గర వంగి చూడండి, పైన నలభై మూడు డిగ్రీల ఎండ, లోపలి నుంచి చల్లటి గాలి వాసన. బండ వాసన దాని ముందు ఎంత!

శనగ చేను కూడా మర్చిపోయారు. పుష్యమాసంలో తెల్లవారకముందు శనగ చేలో నడిస్తే పంచె మోకాళ్ళ దాకా తడుస్తుంది. అది ఉత్త మంచు కాదు, పులుపు. ఆకు మీద నూగు నుంచి పులుసు కారుతుంది. మా పెద్దవాళ్ళు రాత్రి చేను మీద పలచని గుడ్డ పరిచి, పొద్దున పిండి సీసాలో దాచేవాళ్ళు, కడుపునొప్పికి. ఆ తడిసిన పంచె ఆరేటప్పుడు వచ్చే వాసన నాకు ఏ సెంటులోనూ తగల్లేదు.

పువ్వు కావాలంటే చెరువు కట్టల మీద కస్తూరి తుమ్మ ఉంది. పసుపు బంతుల్లా పూస్తుంది, ముళ్ళకు భయపడి ఎవరూ కొయ్యరు. దాన్నే ఫ్రాన్స్ వాళ్ళు తోటలు పెట్టి పెంచి సెంటు తీశారని చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మనం దాన్ని కంచెకు కొట్టేస్తున్నాం.

జవాబు: వన్‌టౌన్ అత్తరంగడి, కర్నూలు

పెద్దాయన చెప్పింది నిజం, ఆ పువ్వు నూనెను కాసీ అంటారు. మా దగ్గరికి రాదు, వచ్చినా కొనేవాళ్ళు లేరు. అయినా తొలకరి పడిందంటే మా జిల్లాలో నేల వాసన చూసే తీరిక ఎవరికుంది? జొన్నగిరి, తుగ్గలి వైపు చేలల్లో వజ్రాలు వెతుక్కుంటూ తలొంచుకొని తిరుగుతుంటారు. ముక్కు నేలకు దగ్గరగానే ఉంటుంది, దృష్టి మాత్రం రాయి మీద.

జవాబు: కడపోడు, బెంగుళూరు

అక్కా, మాది కడప, బెంగుళూరులో ఒక ఫ్రాగ్రెన్స్ కంపెనీ ల్యాబ్‌లో పని. పేరు వద్దులే. వింటుంటే నోరూరుతోంది, కానీ ఈ లిస్టు ఇట్లే పెరిగితే మీ సీసాలో ఏదీ వినపడదు. బండ, గడ్డి, మేక, పెన్న, రేగడి, శనగ, తుమ్మపువ్వు, అందుగు. ఆరు మిల్లీలో జిల్లా మొత్తం పట్టదు.

ఊళ్ళ మీద సెంట్లు చేసిన పెద్దవాళ్ళు ఏం చేశారో చూడండి. ఎర్మెస్ కంపెనీకి జాన్ క్లోద్ ఎల్లెనా అనే ఫ్రెంచి ఆయన తోటల పేరుతో కొన్ని చేశాడు. 2005లో నైలు నది మీద ఒకటి చేశాడు. అస్వాన్ వెళ్ళి, నది ఒడ్డున చెట్లకు వేలాడే పచ్చి మామిడికాయ వాసన పట్టుకొని దాని చుట్టూ కట్టాడు. పిరమిడ్లు లేవు, ఎడారి లేదు, పచ్చి మామిడికాయ ఒక్కటే. 2008లో మన కేరళ వానాకాలం మీద చేశాడు. వాన అంటే మట్టి వాసన వేస్తాడనుకుంటాం. ఆయన ఏలకులు, అల్లం, మిరియాలు, ధనియాలు, వట్టివేరు తీసుకున్నాడు. పూసుకుంటే చల్లగా, తేమగా ఉంటుంది. నచ్చనివాళ్ళు చాలామంది ఉన్నారు, వానేదీ అని. నాకు మాత్రం అదే సరైన పని అనిపిస్తుంది. చూసినవన్నీ పెట్టకుండా, ఒకటి పట్టుకొని మిగతావి వదిలేశాడు.

మీరు వదలాల్సింది ఏమిటో మీరే మొదటి పోస్టులో రాశారు: వాన. జియోస్మిన్ వద్దు, మట్టి అత్తరు వద్దు. మేడమ్ గారు చెప్పిన అందుగు బంక, భాయ్ చెప్పిన వట్టివేరు, ఈ రెండూ బండకు సరిపోతాయి. ఎండుగడ్డికి కుమారిన్ చిటికెడు, గడ్డి ఎండుతున్నప్పుడు వచ్చే వాసన చాలావరకు అదే. నిమ్మతొక్క చేదు కోసం నిమ్మగడ్డి నూనె పోసేయకండి, ఫ్లోర్ క్లీనర్ అవుతుంది. నిజంగా చుక్కంటే చుక్క. మీ కాలి కింద నలిగింది బోదగడ్డి అయ్యుంటుంది, నిమ్మగడ్డికి చుట్టమే. మేక వాసనకు మా ల్యాబ్‌లో కెమికల్స్ ఉన్నాయి కానీ మీరు ఇంట్లో పెట్టుకోవద్దు, పక్కింటివాళ్ళు గొడవకొస్తారు.

పెన్న విషయంలో నాదో సలహా. కాలోన్ అని ఒకటుంది, ఫైజర్ కంపెనీ కెమిస్టులు 1966లో కనిపెట్టారు. ఇప్పుడు సముద్రం వాసన పేరుతో అమ్మే మగవాళ్ళ సెంట్లలో ఎక్కువగా ఉండేది అదే. కానీ దాన్ని బాగా పలచన చేసి, ఉప్పువాసన వేసేవేవీ పక్కన లేకుండా చూస్తే అది సముద్రం కాదు, కోసిన కర్బూజ. సిద్ధవటం వైపు ఎండాకాలం పెన్న ఇసుకలో కర్బూజ తీగలు పాకించేవాళ్ళు కదా, చిన్నప్పుడు మా నాయన సైకిల్ మీద తెచ్చేవాడు. మన నదికి వేసవిలో నీళ్ళకన్నా ఎక్కువగా ఉండేది ఆ వాసనే. వెయ్యికి ఒక పాలు వేసి చూడండి. ఎక్కువైతే ఈ సీసా గోవాకు పోతుంది.

ఆల్కహాల్ జోలికి ఇంట్లో పోవద్దు. సెంట్లకు వాడే స్పిరిట్‌కు ఎక్సైజ్ పర్మిట్లు కావాలి, శానిటైజర్ స్పిరిట్ వాడితే వాసనంతా అదే అవుతుంది. ఒంటికి పూసుకునేది తయారుచేసి అమ్మితే కాస్మెటిక్ కిందికి వస్తుంది, 2020 రూల్స్ ప్రకారం లైసెన్స్ ఉండాలి. సబ్బులకు ఉందో లేదో నేను అడగను.

జవాబు: సబ్బులక్క, జమ్మలమడుగు

అందరికీ ఒకేసారి రాస్తున్నాను. మేడమ్ దగ్గరికి వెళ్ళొచ్చాను. రాళ్ళు మా చిన్నాన్న గుట్ట మీదవే, గడ్డి వేళ్ళతో సహా. అనంతపురం బస్సులో సంచి పైన పెట్టబోతే కండక్టర్ "ఏముందమ్మా ఇంత బరువు" అన్నాడు. రాళ్ళు అంటే నమ్మలేదు, తెరిచి చూపించాల్సి వచ్చింది.

ల్యాబ్‌లో రాళ్ళు చిన్న ముక్కలుగా కొట్టి ఫ్లాస్కులో వేశాం. ఆవిరి పోయేకొద్దీ ఇటువైపు గొట్టం చివర చుక్కలు పడ్డాయి. మొదట వచ్చిన నీళ్ళకు ఉడికిన గడ్డి వాసన తప్ప ఏమీ లేదు, నాకు నీరసమొచ్చింది. మేడమ్ ఆ గ్లాసు పక్కన పెట్టి రెండో గ్లాసు మార్చారు. అందులో ఉంది. చాలా సన్నగా, పొడిగా, చివర ఇనుముతో. నీళ్ళలో పొడి వాసన ఏంటని అడక్కండి, అట్లే ఉంది. పైన నూనె అయితే తేలలేదు, మేడమ్ ముందే చెప్పారు. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచమన్నారు.

ఇంటికొచ్చాక అసలు సమస్య తెలిసింది. అది నీరు. నూనె అత్తరులో కలవదు. కాబట్టి ఆరు మిల్లీ సీసా ఆలోచన మానేసి గదుల్లో కొట్టే స్ప్రే చేశాను. వట్టివేళ్ళ నూనె, అందుగు బంక నూనె పాలిసార్బేట్ 20లో (నూనెను నీళ్ళలో కలిసేలా చేసేది) కలిపి ఈ నీళ్ళలో పోశాను. సబ్బుల పనిలో ఉన్నదాన్ని కాబట్టి అది నాకు అలవాటే. పాడవకుండా ప్రిజర్వేటివ్ వేశాను. నిమ్మగడ్డి సూది మొనతో ముట్టించినంత. కుమారిన్ ఇంకా దొరకలేదు, దాని బదులు జొన్న చొప్ప నానబెట్టి చూశాను, పశువుల దాణా అయింది, తీసేశాను. పూసుకునేది కాదు కాబట్టి తమ్ముడు చెప్పిన లైసెన్స్ గొడవ కూడా ప్రస్తుతానికి లేదు.

కర్బూజ సంగతికొస్తే, వేసినప్పుడు చిన్నాన్నకు చెప్పకుండా వాసన చూపించాను. ముక్కు ఎగరేసి "పెన్న తగులుతోందే" అన్నాడు. ఏం కలిపానో చెప్పాక "గండికోటలో కర్బూజ ఏడుంది? తీసెయ్" అంటున్నాడు. తియ్యను. రేగడి పెద్దాయనా, మీ శనగ పంచె గురించి చాలా ఆలోచించాను, దానికి పుష్యమాసం రావాలి, వేరే సీసా కావాలి. ఈ సీసాలో చోటు లేదు.

మేక లేకుండానే వదిలేశాను. గదిలో స్ప్రే కొట్టి చూసి, అది లేని లోటు నాకొక్కదానికే తెలుస్తోందని నిర్ణయించుకున్నాను.

ఇప్పుడు అడగాల్సింది ఒక్కటే. వంద మిల్లీ స్ప్రే సీసాలు గాజువి కావాలి. ప్రొద్దుటూరులో దొరికేవన్నీ ప్లాస్టిక్. తక్కువ సంఖ్యలో ఎవరిస్తారు?

జవాబు: వన్‌టౌన్ అత్తరంగడి, కర్నూలు

తక్కువైతే ఎవరూ ఇవ్వరు అక్కా, పెట్టె మొత్తం తీసుకోమంటారు. రంజాన్‌కు ముందు నేను ఎట్లాగూ తెప్పిస్తాను, మీవి అందులో కలుపుతాను. లారీ ఖర్చు సగం సగం. ముదురు రంగు గాజు తీసుకోండి, అంగడి ముందు ఎండ పడే అరలో పెడతారు కదా మీ చిన్నాన్న. డ్రాపర్ రబ్బరు ఉన్నవి మాత్రం వద్దు. బంక నూనెలు తగిలితే కొన్నాళ్ళకు రబ్బరు మెత్తబడి జిగురు కారుతుంది. పంపు గొట్టం నీళ్ళలో మునిగేంత పొడుగు ఉందో లేదో రాగానే ఒకటి విప్పి చూసుకోండి, పోయినసారి నాకు పొట్టివి పంపారు. ఆ చిన్న సీసాల లేబుళ్ళు పారేయమని చిన్నాన్నకు చెప్పొద్దు, శనగ సెంటు చేసేటప్పుడు పనికొస్తాయి.

జవాబు: రేగడి మనిషి, కోవెలకుంట్ల

దాని మీద బండ బొమ్మ ఉంది కదయ్యా. మాకు చేను బొమ్మ కావాలి.